వెళ్ళిపోయినావిడ పేరు మీద

"రోగి ఎడమ మోకాలు మడిచినప్పుడు" అన్న దగ్గర ఆగిపోయింది వాక్యం.

మడిచినప్పుడు ఏమవుతోందో కంప్యూటర్ తెర మీద లేదు. డాక్టర్ గొంతు చెప్పుకుపోతూ ఉంటే విని టైపు చేయడం ఆ ఇంటి ఇల్లాలి ఉద్యోగం. నిన్న మధ్యాహ్నం మూడూ నలభై తొమ్మిదికి ఆ అరవాక్యం దగ్గర చేతులు తీసి లేచింది. ఇవాళ పదిన్నర దాటింది, మళ్ళీ ఎవరికీ కనబడలేదు.

ఆపరేటరమ్మ ముక్కు మీదికి జారిన కళ్ళజోడు పైకి తోసుకుని ఆ వాక్యం మళ్ళీ చదివింది. ముప్ఫయ్యొక్కేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి, రిటైరయ్యాక తప్పిపోయిన మనుషుల్ని వెతికే పనిలో పడ్డ మనిషి. అరవై ఆరేళ్ళు. అసలు పేరు పింఛను కాగితాల మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. సగంలో తెగిన మాటలంటే ఆవిడకి భయం. మూడు నిమిషాలు కాగానే లైను తీసెయ్యాలన్న రోజుల్లో, ఆస్పత్రి నుంచి కూతురితో మాట్లాడుతున్న ఒక తల్లి మాటని తన చేత్తోనే తెంపింది. ఆ తల్లి ఏం చెప్పబోయిందో ఈనాటికీ తెలియదు. అడిగేందుకు ఆ మనిషీ లేదు.

"చెవులకి పెట్టుకునేది ఏదీ?" అంది.

"అదిగో పిన్నిగారూ, మేకుకి. నేను ముట్టుకోలేదు."

గుమ్మంలో నిలబడ్డవాడు ఆ ఇంటి భర్త. కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీస్తాడు. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. నిన్న సాయంత్రం నుంచి అదే చొక్కా.

హెడ్‌సెట్ గోడ మేకుకి వేలాడుతోంది. దాని వైరు మూడు చుట్లు చుట్టి, కొస లోపలికి దోపి ఉంది.

"హడలిపోయి లేచిన మనిషి వైరు చుట్టి మేకుకి తగిలించదు. బెల్లు మోగింది, చూసొచ్చి మిగతాది చేసుకుందాంలే అని లేచింది. పోలీసులకి చూపించావా?"

"వాళ్ళే చూశారు. అందుకే వచ్చినవాళ్ళు తెలిసినవాళ్ళే అన్నారు. తెలిసినవాళ్ళంటే నేనేనన్నారు."

"మూడున్నర నుంచి నాలుగున్నర దాకా నువ్వు షాపులో లేవట."

"మాకు నెట్ కనెక్షనిచ్చిన తీగలాయన దగ్గరికి వెళ్ళాను. షట్టరు దించి ఉంది. మెట్ల మీద కూర్చుని కూర్చుని లేచొచ్చాను."

"చూసినవాళ్ళున్నారా?"

"ఒక కుక్క చూసింది."

నవ్వించడానికి అన్న మాట కాదది. పాపం, నిజంగానే ఆలోచించి చెప్పాడు.

"పొద్దున గొడవెందుకు పడ్డారు? కింద ఇంటావిడకి వినబడేంత గొడవ."

అతను చెప్పడానికి కొంచెం తన్నుకులాడాడు. విషయం చూస్తే ఇంతే. వాళ్ళు ఈ వాటాలోకి అద్దెకొచ్చి ఎనిమిది నెలలు. ఆమెకి ఇంట్లో కూర్చుని చేసే ఉద్యోగం దొరికింది, దానికి ఆగకుండా నెట్ కావాలి. కొత్త కనెక్షన్ అంటే తీగకింత, డబ్బాకింత, బిగించినందుకింత, పైగా అద్దె కాగితం, ఇంటావిడ సంతకం. ఇంటావిడేమో గోడకి చిల్లు పెడితే ఆ చిల్లులోంచే బయటికి పంపిస్తానంది. అప్పుడు తీగలాయన ఒక దారి చూపించాడు. ఇదే వాటాలో ఇదివరకు అద్దెకున్నావిడ లైను గోడకి అలాగే ఉంది, డబ్బా అలాగే ఉంది, కంపెనీ లెక్కలో నిద్రపోతోంది. దాన్నే ఆవిడ పేరు మీదే లేపితే నెల చందా తప్ప ఇంకేం అక్కర్లేదు, దాంతోపాటు ఇంటి ఫోను కూడా ఊరికే వస్తుంది. సరేనన్నారు. ఇరవై రెండు రోజుల కింద లైను లేచింది.

"లేచిన రెండోరోజు నుంచే మధ్యాహ్నాలు ఫోను మోగేదిట. ఎత్తితే ఎవరూ పలకరు. తను హలో అంటుంది, అవతల ఊపిరి వినబడుతుంది, పెట్టేస్తారు. నంబర్ మార్పించమని పోరింది. నంబర్ మారిస్తే పేరు మార్చాలి, పేరు మారిస్తే మొత్తం మొదటికొస్తుంది. ఫోనన్నాక మోగదా అన్నాను. నిన్న పొద్దున అదే గొడవ. షాపుకెళ్ళాక మనసాగలేదు. సరే, కొత్తదే పెట్టిద్దాం, ఎంతైతే అంతైంది అని తీగలాయన దగ్గరికి పరిగెత్తాను." అతను తలుపు చెక్కకి తల ఆనించాడు. "ఆ మాట తనకి ముందే చెప్పి ఉంటే..."

"ఉంటే గింటే తరువాత చూద్దాం. ఆ తీగలాయన్ని పైకి పిలువు."

తీగలాయన మెట్ల మీదే కూర్చుని ఉన్నాడు. ఆ చుట్టుపక్కల నాలుగు వీధుల ఇళ్ళకి నెట్టూ ఫోనూ అతని చేతి మీదే వెళ్తాయి. యాభై ఏళ్ళుంటాయి. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట స్క్రూడ్రైవర్ ఉంది. వస్తూనే మొదలుపెట్టాడు.

"అమ్మా, నేను చేసింది సాయం. నాలుగు వీధుల్లో అందరికీ ఇలాగే చేస్తాను. ఒక్కరికీ ఏమీ కాలేదు."

"ఒకరికైందిగా ఇప్పుడు. కూర్చో. పాతావిడ ఎలాంటిది?"

"మంచి మనిషి. ఒక్కతే ఉండేది. మొదట్లో మొగుడు వస్తూ పోతూ ఉండేవాడు. తరువాత రానివ్వడం మానేసింది. రెండుసార్లు తాళం మార్పించింది. ఒకరోజు పొద్దున్నే రెండు పెట్టెలు పట్టుకుని వెళ్ళిపోయింది. పద్నాలుగు నెలలైంది. ఎక్కడికంటే ఇంటావిడకీ చెప్పలేదు, నాకూ చెప్పలేదు."

"ఆవిడ పేరు మీద లైను లేపుతున్నప్పుడు ఆవిడకి తెలియాల్సిన పని లేదా?"

"కంపెనీవాళ్ళు ఆవిడ సెల్లుకి మెసేజ్ పంపిస్తారు. ఆ సెల్లు నంబర్ ఎప్పుడో తీసేసింది. అది మనకి మంచిదే అయింది."

"ఎవరికి మంచిది?"

తీగలాయన స్క్రూడ్రైవర్ తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

తలుపు వెనక మేకుకి నెట్ డబ్బా తగిలించి ఉంది. నాలుగు ఆకుపచ్చ దీపాలు. ఒకటి ఆగకుండా కొట్టుకుంటోంది. అడుగున అంటించిన చీటీ మీద పాస్‌వర్డ్ రాసి ఉంది, గుండ్రటి దస్తూరీ.

"ఎవరి రాత?"

"పాతావిడదే. పేరు మార్చలేదు, నంబర్ మార్చలేదు, పాస్‌వర్డ్ ఒక్కదానికీ ఏమొచ్చిందని అలాగే ఉంచాను."

"ఈ డబ్బాకి ఎవరెవరి ఫోన్లు ఎప్పుడెప్పుడు తగులుకున్నాయో చూపించగలవా?"

"చూపిస్తాను. కరెంటు తీసేసినా ఇందులోవి పోవు. మనం తుడిస్తేనే పోతాయి." తన సెల్లులో ఏవో నొక్కి ఆవిడ ముందు పెట్టాడు. "ఇది ఈయన ఫోన్. ఇది అమ్మాయి కంప్యూటర్. ఇది అమ్మాయి ఫోన్. ఇది..." ఆగాడు. "ఇదెవరిది?"

నాలుగో వరస. నిన్న మధ్యాహ్నం మూడూ నలభై ఏడుకి డబ్బాకి తగులుకుంది. నాలుగూ ఆరుకి వదిలింది. దాని పైన ఆ అమ్మాయి ఫోన్. అది కూడా వదిలింది నాలుగూ ఆరుకే.

"ఇద్దరూ కలిసే గేటు దాటారు," అంది ఆపరేటరమ్మ. "ఈ నాలుగోది మొట్టమొదట ఎప్పుడు తగులుకుంది?"

తీగలాయన వేలితో తెర పైకి తోశాడు. ఇంకా తోశాడు. "రెండేళ్ళ మూడు నెలల కింద."

డబ్బా దీపం తన మానాన తను కొట్టుకుంటోంది. పద్నాలుగు నెలల తరువాత ఎవడో మెట్లెక్కుతుంటే, జేబులోంచి ఫోన్ తీయకుండానే ఆ ఫోను ఈ డబ్బాని గుర్తుపట్టింది. ఇది దాన్ని లోపలికి రానిచ్చింది. మనుషులు పెట్టెలు సర్దుకుని పోయినా, వస్తువులకి పాత చుట్టరికాలు పోవు కాబోలు అనుకుంది ఆపరేటరమ్మ.

"మీరింకా ఇక్కడే ఉన్నారా అమ్మగారూ?"

గుమ్మంలో ఇన్‌స్పెక్టర్. పదకొండూ ఐదు. నలభై లోపు వయసు, ఇస్త్రీ మడత చెదరని మనిషి. మూడేళ్ళ కింద ఒక కేసులో ఆపరేటరమ్మ ముందు దొరకబుచ్చుకున్న మనిషిని తరువాత దొరకబుచ్చుకుని, అది మర్చిపోలేకపోతున్నాడు. తెలివి తక్కువవాడు కాదు. తెలివిని తొందర మింగేస్తుంది, అంతే.

"ఇంకా ఉన్నాను నాయనా. నువ్వు వస్తావనే."

"ఈయన్ని తీసుకెళ్ళడానికొచ్చాను. మీరు ఎక్స్ఛేంజిలో ప్లగ్గులు పెట్టి తీసిన రోజులు కావు ఇవి. ఇద్దరి సెల్ ఫోన్ల లిస్టులు తెప్పించాను. ఆవిడ ఫోన్ నిన్న నాలుగు దాటాక మళ్ళీ ఆన్ కాలేదు. అంతకుముందు ఈయన ఫోన్ కూడా ఒక గంట ఆఫ్‌లో ఉంది."

"చార్జింగ్ అయిపోయింది సార్," అన్నాడు భర్త.

"అవుతుంది. అందరికీ సరిగ్గా అలాంటి గంటలోనే అయిపోతుంది."

ఆపరేటరమ్మ తీగలాయన సెల్లు అందుకుని ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టింది. అతను నాలుగో వరస చదివాడు. కనుబొమలు కలిశాయి, విడిపోయాయి.

"పాస్‌వర్డ్ ఉన్న ఫోన్. అంటే ఇంటివాడిదే. రెండో ఫోన్ దాచుకున్నాడు."

"తేదీ కూడా చదువు. అప్పటికి ఈయన ఈ వాటా మొహమైనా చూడలేదు. వచ్చినవాడు ఇంటికి తెలిసినవాడు నాయనా. ఇంట్లో మనుషులకి తెలియనివాడు."

"పాతావిడ మొగుడంటారు."

"నేనింకా అనలేదు. నువ్వే అన్నావు."

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "సరే, వాదనకి అనుకుందాం. పాతావిడ కోసం వచ్చాడు. తలుపు తీస్తే వేరే ఆవిడ. ఆవిడ లేదండీ, ఖాళీ చేసి ఏడాది దాటింది అంటుంది. వాడు వెనక్కి పోవాలి. పంతొమ్మిది నిమిషాలు ఏం చేశాడు? ఈవిడని వెంట తీసుకుపోవడం ఎందుకు? దీనికి జవాబు చెప్పండి, ఈయన్ని వదిలేసి నేనే మీ సంచీ మోసుకుంటూ ఇంటిదాకా దిగబెడతాను."

మంచి ప్రశ్నే. ఆపరేటరమ్మ గది మధ్యలో నిలబడి నెమ్మదిగా ఒక చుట్టు తిరిగింది. కంప్యూటర్ బల్ల. కుర్చీ. హెడ్‌సెట్. మంచం మీద మడిచిన దుప్పటి. తలుపు పక్కన చిన్న అలమారా, దాని మీద ఇంటి ఫోను. ఫోను పక్కకి ఒక ముక్కాలి పీట లాగి ఉంది. పీట కింది నేల మీద దుమ్ములో గీత, కొత్తది.

"ఈ పీట ఎప్పుడూ ఇక్కడే ఉంటుందా బాబూ?"

"లేదు పిన్నిగారూ. వంటింట్లో ఉంటుంది."

ఆవిడ వంగి ఫోను దగ్గరికి మొహం పెట్టింది. రిసీవర్ తిరగబడి ఉంది. వైరు తగిలే కొస ఎడమవైపు ఉండాల్సింది, కుడివైపుకి ఉంది. మెలి తిరిగిన వైరు ఫోను మీదుగా అడ్డంగా పడింది. ముప్ఫయ్యొక్కేళ్ళలో ఆవిడ ఒకటి నేర్చుకుంది. రోజూ ఎత్తే చెయ్యి ఫోనుని తప్పుగా పెట్టదు. ఆ చేతిలోంచి ఇంకో చెయ్యి లాక్కుని పెడితే తప్ప.

"ఇద్దరి ఫోన్ల లిస్టులూ తెప్పించానన్నావు. దీనిది?"

"అది నెట్‌తో పాటు ఊరికే ఇచ్చేది. ఈ రోజుల్లో దాన్నెవరు వాడతారు? పైగా ఆయన పేరు మీదా ఆవిడ పేరు మీదా ఉన్నవన్నీ అడిగాను. ఇది రాలేదు."

"ఎందుకు రాలేదు?"

ఇన్‌స్పెక్టర్ చూపు తీగలాయన మీదికి వెళ్ళింది. తీగలాయన పైకప్పు చూస్తున్నాడు.

"వెళ్ళిపోయినావిడ పేరు మీద ఉంది కాబట్టి," అంది ఆపరేటరమ్మ. కొంగు చేతికి చుట్టుకుని రిసీవర్ ఎత్తింది. ఇన్‌స్పెక్టర్ ముట్టుకోకండి అనే లోపల, పెన్సిల్ కొసతో చివరి నంబర్ మళ్ళీ కలిపే మీట నొక్కి, స్పీకరు మీట కూడా నొక్కింది.

పదకొండూ పద్దెనిమిది.

రెండు రింగులు. పాట. తరువాత ఒక అమ్మాయి గొంతు, తేనె రాసినట్టు. "నమస్కారం. మీకు నేను ఏ విధంగా సహాయపడగలను?"

నెట్ కంపెనీ ఆఫీసు అది. ఎవరైనా కనెక్షన్ గురించి ఫిర్యాదు చేసే నంబర్.

"నిన్న ఈ ఫోన్ నుంచి మీకెవరో చేశారు తల్లీ," అంది ఆపరేటరమ్మ. "ఎప్పుడు, ఎందుకు?"

"క్షమించండి మేడమ్, ఆ వివరాలు..."

ఆపరేటరమ్మ ఇన్‌స్పెక్టర్ వైపు చూసింది. అడగలేదు, చూసిందంతే. అతను రెండు క్షణాలు తనతో తను పోట్లాడుకుని, ఫోను మీదికి వంగి, తనెవరో, ఏ స్టేషనో, నంబరెంతో చెప్పాడు. గొంతు మారింది. పై అధికారిని పిలవడం, స్టేషనుకి ఫోన్ చేసి నిజమో కాదో కనుక్కోవడం, మధ్యలో మళ్ళీ అదే పాట. తొమ్మిది నిమిషాలు. భర్త ఆ తొమ్మిది నిమిషాలూ గోళ్ళు చూసుకుంటూ నిలబడ్డాడు.

"సార్, నిన్న మూడూ యాభై ఎనిమిదికి చేశారు," అంది మళ్ళీ ఆ అమ్మాయే, ఈసారి తేనె లేకుండా. "ఈ జిల్లాల కాల్స్ నా సీటుకే వస్తాయి, దాన్ని తీసుకుందీ నేనే. రికార్డింగ్ వినిపించమన్నారు."

గరగర. ఆ తరువాత వేరే గొంతు. భర్త ఒక్క అడుగు ముందుకేసి ఆగిపోయాడు.

"నేను ఈ నంబర్ ఓనర్‌ని," అంది అతని భార్య గొంతు. బాగా నిదానంగా ఉంది, మెట్టు మెట్టుకీ కాలు ఆనించి చూసుకుంటూ దిగే మనిషిలా. "నా బిల్లు కొత్త ఇంటికి పంపాలి. మీ దగ్గర నా అడ్రస్ ఏముందో చెప్పండి."

"మీ పుట్టినతేదీ చెప్పండి మేడమ్."

పక్కనెవరో గొణిగారు. ఆమె ఒక తేదీ చెప్పింది.

"తన పుట్టినరోజు కాదది," అన్నాడు భర్త.

"థాంక్యూ మేడమ్. మీ గుర్తింపు కార్డు మీద రెండు కనెక్షన్లు ఉన్నాయి. ఒకటి ఇప్పుడు మీరు మాట్లాడుతున్నది. రెండోది పదకొండు నెలల కింద తీసుకున్నారు. ఆ అడ్రస్ చదవమంటారా?" చదివింది. ఒక చిన్న ఊరు, ఒక వీధి, ఇంటి నంబరు, మేడ మీద.

"గట్టిగా చెప్పు," అంది మగగొంతు. దూరంగా, ఓపిగ్గా. రిసీవర్ ఆమె చెవి దగ్గరే ఉంది కాబట్టి వాడికి అవతలి మాట వినబడలేదు.

ఆమె గట్టిగా చెప్పింది. వేరే ఊరు. వేరే వీధి. వేరే ఇల్లు.

"కాదు మేడమ్, నేను చదివింది..."

"అవునండీ, అదే. సరిగ్గా రాసుకున్నాను. మీకు శ్రమ ఇచ్చాను."

తెగింది. రికార్డింగ్‌లో కూడా ఆ తెగడం మోటుగా ఉంది.

ఎవరూ ఏమీ అనకముందే భర్త పీట మీద కూర్చున్నాడు. "అది మా ఇల్లు," అన్నాడు. "పెళ్ళైన కొత్తలో ఉన్నాం. ఇప్పుడక్కడ ఇల్లు లేదు. పడగొట్టి రెండేళ్ళైంది. గుర్తొచ్చిన అడ్రస్ చెప్పేసింది."

"ఎంత దూరం?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఇక్కడి నుంచి బస్సులో ఆరుగంటలు."

ఆపరేటరమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. తుడవాల్సినంత మసకేమీ లేదు. తను ఎన్నడూ చూడని ఒక ఆడమనిషి కోసం, ఆవిడ పేరు మీద లైను వాడుకున్నందుకో ఏమో, ఈ పిల్ల తన పాత ఇంటిని అడ్డుపెట్టింది. లేని ఇంటికి వాణ్ణి నడిపించింది. ఆరుగంటలు కొనిపెట్టింది. అటు తరువాత ఏమవుతుందో తెలిసే ఎక్కి ఉంటుంది ఆ బస్సు.

"నీ ప్రశ్నకి ఇది జవాబు నాయనా. ఏడాదిగా మూగబోయిన నంబరుకి వాడు చేస్తూనే ఉన్నాడు. ఇరవై రెండు రోజుల కింద అది మోగింది. ఆడగొంతు పలికింది. వచ్చి చూస్తే వేరే మనిషి, కానీ లైను ఆవిడ పేరు మీదే. ఆవిడెవరో నాకు తెలియదండీ అంటే ఎవడు నమ్ముతాడు? వాడికి ఆఫీసువాళ్ళతో మాట్లాడేందుకు ఒక ఆడగొంతు కావాలి. దొరికింది." ఆవిడ తీగలాయన వైపు తిరగలేదు గానీ మాట అతనికీ తగిలింది. "తిలా పాపం తలా పిడికెడు. చిల్లు వద్దన్న ఇంటావిడ, పేరు మార్చని నువ్వు, ఫోనన్నాక మోగదా అన్న ఈయన. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. అందరూ కలిసి ఒక కార్డు మీద రెండు అడ్రస్‌లు పక్కపక్కన పెట్టారు. ఆవిడ వెళ్ళిపోయినప్పటి నుంచి దాచుకున్నది ఆ రెండో అడ్రస్ ఒక్కటే."

"వాడికి దొరికింది తప్పు అడ్రస్‌గా," అన్నాడు తీగలాయన, నూతిలోంచి వచ్చినట్టు.

"సార్," అంది ఫోనులో అమ్మాయి. ఆ పిల్ల లైనులోనే ఉందన్న సంగతి అందరూ మర్చిపోయారు. "ఇంకోటి చెప్పాలి. ఆ మేడమ్ ఇవాళ పొద్దున కూడా చేశారు. తొమ్మిదీ నలభైకి. వేరే నంబర్ నుంచి. నంబర్ వేరు కాబట్టి మూడు ప్రశ్నలడిగాను, మూడూ కరెక్టే. అడ్రస్ మళ్ళీ చదివాను. కొంచెం ఎకో వచ్చింది సార్, స్పీకర్‌లో పెట్టినట్టు."

"ఆవిడ ఏమంది?"

"ఏమీ అనలేదు. మగాయన థాంక్స్ చెప్పారు."

ఇన్‌స్పెక్టర్ ఆ నంబర్ రాసుకుంటుంటే ఆపరేటరమ్మ మొదటి అంకెలు వింటూనే అంది, "అది జంక్షన్ ఊరి కోడ్. రైల్వే స్టేషన్ ఎదురుగా డబ్బులిచ్చి మాట్లాడే ఫోన్ బూత్‌లుంటాయి. వీళ్ళ పాత ఊరి నుంచి వెనక్కొచ్చారు. అక్కడి నుంచి ఆవిడ ఊరికి రెండు గంటలు." ఎన్ని వేలసార్లు ఆ రెండు ఊళ్ళనీ కలిపిందో ఆ చేతులకి తెలుసు.

తొమ్మిదీ నలభై. రెండు గంటలు. ఇన్‌స్పెక్టర్ చేతి గడియారం చూశాడు. పదకొండూ ముప్ఫై నాలుగు.

అతను సెల్లు చెవికి పెట్టుకుని పాతావిడ ఊరి పోలీస్ స్టేషన్ని పట్టుకునే పనిలో పడ్డాడు. మెట్ల వైపు నడుస్తూనే అరుస్తున్నాడు. టోపీ బల్ల మీదే ఉండిపోయింది. ఆపరేటరమ్మ ఆఫీసు అమ్మాయిని రెండో కనెక్షన్ ఫోన్ నంబర్ అడిగింది. ఆ పిల్ల ఈసారి నియమాలేమీ చెప్పకుండా చదివేసింది. ఆపరేటరమ్మ ఆ లైను పెట్టేసి ఒక్కొక్క అంకె నొక్కింది. తప్పు నొక్కలేదు.

ఒక రింగు. రెండు. మూడు. నాలుగు.

"హలో?" సన్నటి గొంతు. వెంటనే, భయంగా, "ఇది నా పాత నంబరు కదా. ఎవరండీ మీరు?"

"మీ పాత ఇంట్లోంచే మాట్లాడుతున్నానమ్మా. భయపడకండి. నేను చెప్పేది వినండి. తలుపు గడియ వేసి ఉందా?"

"వేసే ఉంటుంది. ఎందుకు? ఉండండి, బెల్లు మోగుతోంది."

"వెళ్ళకండి. తీయకండి. కిటికీలోంచి చూసి చెప్పండి, ఎవరు?"

అడుగుల చప్పుడు. తెర జరిపిన చప్పుడు. మెలి వైరు సాగినట్టుంది, గొంతు కొంచెం దూరమైంది.

"ఎవరో ఆడమనిషండీ. ఒక్కరే ఉన్నారు. పాపం, బాగా నలిగిపోయి ఉన్నారు. చెప్పులు కూడా లేవు." తలుపు అవతల నుంచి ఏదో మాట, అస్పష్టంగా. ఆవిడ విని, వెనక్కి తిరిగి చెప్పింది. ఆ గొంతులో భయం కరిగిపోయి, దాని చోట కాస్త నవ్వులాంటిది వచ్చింది. "మా పాత వాటాలో అద్దెకుంటున్నారట. ఓ, ఆవిడ వస్తున్నారని చెప్పడానికేనా మీరు ఫోన్ చేసింది? ఆ మాట ముందే చెప్పకూడదూ. ప్రాణం పోయిందనుకోండి."

"కాదు తల్లీ, అది కాదు. ఆవిడ వెనకాల..."

రిసీవర్ని బల్ల మీద పెట్టారు. దాని గూట్లో కాదు, పక్కన. ఆ రెండు చప్పుళ్ళకీ తేడా ఆపరేటరమ్మకి నిద్రలోనైనా తెలుస్తుంది. లైను తెగలేదు.

"ఎవరూ మాట్లాడకండి," అంది లోగొంతుకతో. భర్త పీట మీంచి లేచి ఆవిడ పక్కకొచ్చి, ఫోను మీదికి వంగాడు.

గడియ. తలుపు కీలు.

అతని భార్య గొంతు ఒక్కమాటు వినబడింది. "నన్ను క్షమించండి" అంది.

ఇంకో ఆడగొంతు ఏదో మొదలుపెట్టి మానేసింది. తలుపు మూసుకుంది. లోపలి నుంచి గడియ పడింది. తొందరేమీ లేని అడుగులు గది దాటి ఫోను దగ్గరికొచ్చాయి. రిసీవర్ పైకి లేచిన చప్పుడు.

"ఎవరు?" అంది మగగొంతు.